లెక్కలో తేడా నేను చేసిందే

నేను పనిచేసే సంస్థలో ఉద్యోగులందరూ కలిసి నడుపుకునే పరస్పర సహాయ నిధి ఒకటుంది. ప్రతి నెలా జీతం అందిన వారంలో ఎవరి చందా వాళ్ళు కడతారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, చావు సంభవించినా, పిల్లల చదువుకు ఉన్నపళంగా డబ్బు కావలసి వచ్చినా ఆ నిధి నుంచి వడ్డీ లేకుండా అప్పు తీసుకుని వాయిదాల మీద తీరుస్తారు. దానికి నేను తొమ్మిదేళ్ళ పాటు కోశాధికారిగా ఉన్నాను. అందులో చివరి రెండేళ్ళలో ఆ డబ్బును పదిహేడు సార్లు తీసి సొంతానికి వాడుకున్నాను. మొత్తం కలిపితే నా ఏడు నెలల జీతం. ఈ మాటలను ఇలా వరుసగా, తడబడకుండా రాయగలగడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ కాలం గురించే ఇక్కడ చెబుతాను.

మొదటిసారి తీసినప్పుడు నేను దొంగతనం చేస్తున్నానని అనుకోలేదు, చేబదులు తీసుకుంటున్నానని అనుకున్నాను. షేర్లలో పెట్టిన డబ్బు పోయింది. పోయినదాన్ని రాబట్టాలని మళ్ళీ పెట్టాను, అదీ పోయింది. ఇంటి పొదుపు మొత్తం కరిగిపోయిందన్న సంగతి నా భార్యకు చెప్పక తప్పని రోజు దగ్గర పడుతోంది. నిధి పెట్టె తాళంచెవి నా జేబులోనే ఉంది. ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక పెట్టె తెరిచి, కావలసినంత తీసుకుని, ఒక కాగితం ముక్క మీద "14వ తేదీ, తిరిగి వేయవలసినది" అని రాసి, ఎంత తీశానో అంకె కూడా వేసి, దాన్ని నోట్ల కట్ట కింద పెట్టాను. ఆ కాగితం అక్కడ ఉన్నంతవరకు నేను నిజాయితీపరుణ్ణేనని నా లెక్క. నాలుగో సారికి కాగితాలు పెట్టడం మానేసి ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఎనిమిదో సారి తర్వాత ఆ పుస్తకం కూడా తెరవలేదు. పదిహేడు అన్న అంకె, ఆ తర్వాత ఎప్పుడో బ్యాంకు పాస్‌బుక్కునూ రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ళనూ పక్కపక్కన పెట్టుకుని లెక్కగడితే తేలింది.

నమ్మి అప్పగించిన సొమ్మును వాడుకుని శిక్ష పడినవాళ్ళతో అమెరికా జైళ్ళలో మాట్లాడి, డొనాల్డ్ క్రెసీ అనే నేరశాస్త్రవేత్త 1953లో ప్రచురించిన పరిశోధన గురించి చాలా తర్వాత చదివాను. నా ఆనాటి సాయంత్రాన్ని ఎవరో కిటికీలోంచి చూసి రాసినట్టనిపించింది. ఆయన చెప్పినవి మూడు: ఎవరితోనూ చెప్పుకోలేని డబ్బు చిక్కు ఒకటి ఉండాలి, చేతిలో ఉన్న పరాయి సొమ్ముతో దాన్ని గుట్టుగా తీర్చుకోవచ్చునన్న ఎరుక ఉండాలి, తీసే ముందే తనకు తాను సర్దిచెప్పుకునే మాట ఒకటి దొరకాలి. వాళ్ళలో ఎంతోమందికి దొరికిన మాట నాకు దొరికినదే: అప్పు. ఈ మూడింటిలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది మొదటిదాని దగ్గర. నన్ను పెట్టె దగ్గరికి నడిపించింది డబ్బు లేకపోవడం కాదు, లేదని నోరు విప్పి చెప్పలేకపోవడం. నా భార్యకు అప్పుడే చెప్పి ఉంటే ఆవిడ కోప్పడేది, కొన్ని రోజులు మాట్లాడేది కాదు, ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఖర్చులు తగ్గించుకునేవాళ్ళం. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు.

రెండో ఏడాదిలో ఒక సహోద్యోగి తన భార్య శస్త్రచికిత్స కోసం అప్పుకు దరఖాస్తు చేసుకున్నారు. ఆయన అడిగిన మొత్తం నిబంధనల ప్రకారం ఆయనకు రావలసినదే, కాని పెట్టెలోనూ బ్యాంకులోనూ కలిపి అంత డబ్బు లేదు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నేను ఆయన దరఖాస్తును, సంతకం సరిగా లేదని పెన్సిలుతో సున్న చుట్టి వెనక్కి పంపాను. ఆయన మళ్ళీ నింపి ఇచ్చారు. ఈసారి తేదీ రాసిన పద్ధతికి సున్న చుట్టాను. మూడోసారి చిరునామాకు. చందాలు వసూలై డబ్బు సమకూరేసరికి నాలుగు దరఖాస్తులు, ఐదు వారాలు గడిచాయి. ఈలోగా ఆయన బయట వడ్డీకి అప్పు తెచ్చుకుని శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆవిడ కోలుకున్నారు. ఈ ఒక్క విషయం వల్లనే నేను ఈ మాత్రమైనా రాయగలుగుతున్నాను.

తప్పు నేనే ఒప్పుకున్నానని తర్వాత కొందరు నన్ను మెచ్చుకున్నారు కాబట్టి అది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. నిధి లెక్కలను బయటి ఆడిటరుతో పరిశీలింపజేయాలని కార్యవర్గం తీర్మానించింది. అనుమానంతో కాదు, సభ్యుల సంఖ్య పెరగడంతో నిధిని రిజిస్టరు చేయించాలనుకున్నారు, దానికి ఆడిట్ నివేదిక కావాలి. నాకు ఇరవై రోజుల గడువుంది. మొదటి పన్నెండు రోజులు అంత డబ్బు ఎక్కడ పుడుతుందా అని తిరిగాను. అది పుట్టదని తేలాక, పదమూడో రోజు రాత్రి నా భార్యకు చెప్పాను. పుట్టి ఉంటే పెట్టెలో వేసేసి, రేపు పదవీ విరమణ సన్మానంలో నా నిజాయితీ గురించి ప్రసంగాలు వినేవాణ్ణి.

ఆవిడ రాత్రంతా ఏమీ మాట్లాడలేదు. తెల్లవారాక, కార్యవర్గానికి ఏం రాస్తారో రాసి తనకు చూపించమంది. నేను మూడు పేజీలు రాశాను, బాగానే రాశాననుకున్నాను. ఆవిడ ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టి చదివి, "ఇందులో మీరు డబ్బు తీశారని ఎక్కడుంది?" అని అడిగింది. నేను ఉత్తరం అందుకుని వెతికాను. "లెక్కలలో కొంత తేడా వచ్చింది" అని ఉంది. "అనివార్య పరిస్థితులలో నిధి సొమ్ము ఖర్చయిపోయింది" అని ఉంది. "జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను" అని ఉంది. తేడా దానంతట అది వచ్చింది, సొమ్ము దానంతట అది ఖర్చయింది, పొరపాటు ఎక్కడో జరిగింది. మూడు పేజీల్లో "నేను" అన్న మాట నా బాధ గురించి రాసిన చోట మాత్రమే ఉంది. మన భాషలో ఈ సౌకర్యం ఉంది: పగిలింది, పోయింది, అయిపోయింది అంటూ, చేసినవాణ్ణి వాక్యంలోకి రానివ్వకుండా ఎంత దూరమైనా వెళ్ళవచ్చు. చిన్నపిల్లలు గాజుగ్లాసు విషయంలో వాడే వ్యాకరణాన్నే నేను ఏడు నెలల జీతం విషయంలో వాడాను.

ఇలాంటి సర్దుబాట్లను గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు సామాజికశాస్త్రవేత్తలు 1957లోనే ఐదు రకాలుగా విడదీసి చూపించారు. నా చేతిలో ఏముంది అనడం, ఎవరికీ నష్టం జరగలేదనడం, నష్టపోయినవాడు దానికి తగినవాడే అనడం, వేలు చూపించేవాళ్ళు మాత్రం మంచివాళ్ళా అనడం, నా వాళ్ళ కోసం చేశాననడం. వాళ్ళు రాసింది దారితప్పిన కుర్రవాళ్ళ గురించి. నడివయసు కోశాధికారి ఉత్తరంలో మూడోది తప్ప మిగిలిన నాలుగూ ఉన్నాయి. "తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఎవరూ పాస్‌బుక్కు చూపించమని అడగకపోవడం కూడా ఈ పరిస్థితికి కారణం" అని నేను రాసిన వాక్యం నాలుగో రకం కింద వస్తుంది. అది పచ్చి నిజం కూడా. దాన్ని కొట్టేయడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి ఉత్తరం ఐదు వాక్యాలైంది. కార్యవర్గంలోని పదకొండు మంది ముందు నిలబడి చదివాను. పదిహేడు సార్లు తీశానని, మొత్తం ఇంత అని, అందులో ఒక్క పైసా తిరిగి వేయలేదని, ఒక సభ్యుడి దరఖాస్తును అబద్ధపు కారణాలతో ఐదు వారాల పాటు ఆపానని, మొత్తం తిరిగి కడతానని. చదవడం పూర్తయ్యాక ఒకరు వెంటనే "మీ పరిస్థితి మాకు అర్థమవుతోందిలెండి" అన్నారు. ఆ మాటకు నా ప్రాణం లేచివచ్చింది, నోరు కూడా లేచింది. కాగితంలో లేని ఆ పాస్‌బుక్కు వాక్యాన్ని నోటితో అనేశాను. గదిలో అందరికంటే పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "అడగకపోవడం మా తప్పే. దాని సంగతి మేం మాట్లాడుకుంటాం. మీరు మీది చెప్పండి" అన్నారు. ఆ తర్వాత ఎవరో, ఆడిట్ లేకపోతే ఇవాళ ఇక్కడికి వచ్చేవారా అని అడిగారు. వచ్చేవాణ్ణి కాదని చెప్పాను. ఆ సమావేశంలో నేను తడుముకోకుండా ఇచ్చిన జవాబు అదొక్కటే.

కార్యవర్గం రెండు వారాలు తర్జనభర్జన పడింది. చట్టప్రకారం ఇది నమ్మకద్రోహ నేరం, ఫిర్యాదు చేసే హక్కు వాళ్ళకు పూర్తిగా ఉంది. ఫిర్యాదు చేయవలసిందేనని ముగ్గురు గట్టిగా పట్టుబట్టారు, వాళ్ళ వాదనలో తప్పేమీ లేదు. చివరికి నేను రాతపూర్వకంగా ఒప్పుకుని ముప్పై ఒక్క నెలసరి వాయిదాల్లో మొత్తం కట్టేటట్టు, ఒక్క వాయిదా తప్పినా ఆ ఒప్పుకోలు కాగితంతో ఫిర్యాదు చేసేటట్టు, అప్పు తీరేదాకా నాకు నిధి నుంచి అప్పు తీసుకునే అర్హత లేకుండా ఉండేటట్టు నిర్ణయించారు. నేను ఒకే ఒక్క కోరిక కోరాను: ఈ విషయం కార్యవర్గం దాటి వెళ్ళకూడదని. ఒప్పుకోలేదు. నిధి అందరిదీ కాబట్టి సర్వసభ్య సమావేశంలో చెప్పి తీరాలన్నారు. ఆ రోజు అది నాకు క్రూరంగా తోచింది. రహస్యంగా ఉంచి ఉంటే ఆ పదకొండు మందిలో ఎవరు ఎప్పుడు ఎవరితో అంటారో అని లెక్కపెట్టుకుంటూ బతికేవాణ్ణని తర్వాత అర్థమైంది. చెప్పుకోలేని చిక్కుతో మొదలైన వ్యవహారానికి ఇంకొక చెప్పుకోలేని చిక్కును మందుగా కోరాను.

సమావేశం తర్వాతి నెలల గురించి ఎక్కువ చెప్పను. నడవాలో ఎదురయ్యేవాళ్ళు పక్కకు చూసేవారు, లేదా మరీ సూటిగా చూసేవారు. నేను పది నిమిషాలు ముందు వచ్చి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి. నన్ను నేను అసహ్యించుకోవడం బాధ్యత తీసుకోవడమేనని అనుకుంటూ గడిపాను. సిగ్గుకూ తప్పు చేశానన్న స్పృహకూ తేడా ఉందని మానసిక విశ్లేషకురాలు హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో చెప్పగా, జూన్ టాంగ్నీ అనే మనస్తత్వశాస్త్రవేత్త దాని మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. సిగ్గు "నేను ఎలాంటివాణ్ణి" అన్న చోట తిరుగుతుందనీ, అది మనిషిని దాక్కోవడానికీ ఎదుటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికీ తోస్తుందనీ, రెండోది "నేను ఏం చేశాను" అన్న చోట నిలబడి సరిదిద్దే పని వైపు నడుపుతుందనీ ఆ పరిశోధన సారం. నా విషయంలో ఇది అక్షరాలా నిజం. ఆ నెలల్లో నేను రోజుకు వందసార్లు నా గురించి ఆలోచించాను; ఆ నాలుగు దరఖాస్తుల ఆయన గురించి ఒక్కసారైనా ఆలోచించినట్టు గుర్తులేదు.

ఆయన గురించి ఆలోచించింది కార్యవర్గమే. మధ్యవర్తిత్వంలో శిక్షణ పొందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలిని పిలిపించి, ఆయన ఒప్పుకుంటే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించమని కోరారు. ఆవిడ ముందు నాతో రెండుసార్లు విడిగా మాట్లాడారు, ఆయనతో మూడుసార్లు. ఈ పద్ధతి ఎక్కడ మొదలైందని అడిగితే ఒక ఉదంతం చెప్పారు. 1974లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ఎల్మైరా అనే చిన్న పట్టణంలో ఇద్దరు కుర్రవాళ్ళు ఒక్క రాత్రిలో ఇరవై రెండు మంది ఆస్తులు ధ్వంసం చేశారు. శిక్ష వేసి ఊరుకోకుండా, వాళ్ళను నష్టపోయినవాళ్ళ ఇళ్ళకు పంపితే బాగుంటుందని, నేరస్థుల ప్రవర్తనను పర్యవేక్షించే ప్రొబేషన్ అధికారి సూచించగా న్యాయమూర్తి ఒప్పుకున్నారు. కుర్రవాళ్ళు గడపగడపకూ వెళ్ళి తామే చేశామని చెప్పి, నష్టమెంతో అడిగి, తర్వాతి నెలల్లో కట్టారు. నేరస్థుడినీ బాధితుడినీ కలిపి మాట్లాడించే కార్యక్రమాలు అక్కడి నుంచి మొదలై చాలా దేశాలకు వెళ్ళాయి. ఇదంతా చెప్పి ఆవిడ నాకు రెండు షరతులు పెట్టారు. ముందు ఆయన మాట్లాడతారు, పూర్తయ్యేదాకా నేను నోరెత్తకూడదు. క్షమించమని అడగకూడదు. మొదటిది న్యాయమేననిపించింది. రెండోదానికి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే నేను సిద్ధం చేసుకున్నది అదే.

ఆయన ఒక అట్ట ఫైలు తెచ్చుకున్నారు. కూర్చోగానే అందులోంచి నాలుగు దరఖాస్తులూ తీసి, నావైపు తిరిగేలా బల్ల మీద వరుసగా పరిచారు. నా పెన్సిలు సున్నలు కొంచెం చెరిగిపోయినా కనిపిస్తూనే ఉన్నాయి. మొదటిదాని మీద వేలు పెట్టి, "సంతకం సరిగా లేదన్నారు. ముప్పై ఏళ్ళుగా నా సంతకం ఇదే" అన్నారు. రెండోదాని మీద వేలు పెట్టి, "ఇది మా అమ్మాయితో రాయించాను, నా దస్తూరి బాగుండదేమోనని." మూడోది రాసేటప్పుడు ఆసుపత్రి వరండాలో గోడకు ఆనించుకుని రాశానని, అందుకే అక్షరాలు వంకరపోయాయని చెప్పారు. నాలుగోదాని దగ్గర కాసేపు ఆగారు. "డబ్బు గురించి నాకు పెద్ద బాధ లేదండీ. వడ్డీ కట్టాను, అయిపోయింది. ఒక కాగితం సరిగ్గా నింపడం కూడా నాకు చేతకాదని నమ్మాను. మీరు నన్ను అలా నమ్మించారు. ఆవిడకు ఆలస్యమవుతోంది నా చేతకానితనం వల్లనేనని ఐదు వారాలు అనుకున్నాను."

నా ఊహలో ఆయన నష్టం ఐదు వారాల వడ్డీ. అదెంతో లెక్కగట్టి, కట్టడానికి జేబులో పెట్టుకుని కూడా వెళ్ళాను. జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు "అప్పట్లో పెట్టెలో..." అని మొదలుపెట్టాను, మధ్యవర్తి బల్ల మీది చెయ్యి కొంచెం ఎత్తారు, అంతే. ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. "నాలుగూ సరిగ్గానే ఉన్నాయండీ. మొదటిది కూడా సరిగ్గానే ఉంది. డబ్బు నేను తీసేశాను. అది బయటపడకుండా మీ దరఖాస్తులో తప్పులు నేను కల్పించాను." ఆయన తల ఊపారు. వడ్డీ డబ్బు తీసుకున్నారు, లెక్కపెట్టుకున్నారు. ఇప్పుడన్న మాటలే కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వమన్నారు, ఇంట్లో చూపించాలట. రాసి ఇచ్చాను. దాన్ని నాలుగు దరఖాస్తుల మీద పెట్టి ఫైలు మూసి, మధ్యవర్తికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. నాకు పెట్టలేదు.

క్షమాపణ మీద రాయ్ లెవికీ అనే అమెరికన్ ఆచార్యుడూ సహచరులూ 2016లో ప్రచురించిన పరిశోధన ఒకటి నాకు ఆ మధ్యవర్తి షరతును అర్థం చేసిపెట్టింది. క్షమాపణను వాళ్ళు ఆరు భాగాలుగా విడదీశారు: విచారం, వివరణ, బాధ్యత ఒప్పుకోవడం, మళ్ళీ చేయననడం, నష్టం పూడుస్తాననడం, క్షమించమని కోరడం. వినేవాళ్ళకు అన్నింటికంటే ముఖ్యమని తేలినది తప్పు నాదేనని ఒప్పుకోవడం, తర్వాతిది నష్టం పూడ్చడం. అన్నింటికంటే తక్కువ పనికొచ్చినది క్షమించమని అడగడం. విచిత్రమేమిటంటే ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్ళు ఊహించుకోవలసిన తప్పు కూడా లెక్కలదే: పాత ఉద్యోగంలో పన్ను పత్రం తప్పుగా దాఖలు చేసిన మనిషి. తెలియక చేసిన తప్పుకు చెప్పిన క్షమాపణ కంటే తెలిసి చేసిన తప్పుకు చెప్పిన క్షమాపణ తక్కువగా పనిచేస్తుందని కూడా అందులో తేలింది. అలా ఉండడమే సబబని నాకు అనిపిస్తుంది. క్షమించమని అడిగి ఉంటే, నాలుగు దరఖాస్తుల తర్వాత ఆయన నెత్తిన నేను పెట్టిన ఐదో పని అయ్యేది.

వాయిదాలు కట్టడం గురించి చెప్పాలంటే కొత్త కోశాధికారి గురించి చెప్పాలి. ఆవిడ నాకంటే చాలా చిన్నది, లెక్కలో మహా గట్టిది. ప్రతి నెలా ఐదో తేదీన ఇద్దరు సాక్షుల ముందు నా చేత డబ్బు పెట్టించుకుని, లెక్కపెట్టి, రసీదు రాసి, ఇంకా ఎంత మిగిలిందో పైకి చదివేది. మొదటి నెల నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. మూడో నెలలోనో నాలుగో నెలలోనో, ఇంత తతంగం అవసరమా అని అడిగాను. "మిమ్మల్ని దొంగ అని నేననను సార్. కాని పెట్టె మీ చేతికివ్వను. ఈ రెండూ నాకు వేరువేరు" అంది. అదే వారంలో, సంస్థ పనికి సంబంధించిన ఒక పెద్ద నివేదికలో సగం నాతో కలిసి చేస్తానని తనంతట తానే ముందుకొచ్చింది.

ఆస్ట్రేలియాకు చెందిన నేరశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వెయిట్ 1989లో ప్రతిపాదించిన ఒక సిద్ధాంతం ప్రకారం, సమాజం తప్పు చేసినవాణ్ణి సిగ్గుపడేలా చేయడంలో రెండు దారులున్నాయి. ఒకటి మనిషి మీద ముద్ర వేసి బయటికి నెట్టడం. అది మళ్ళీ తప్పు చేసే వైపే నెడుతుందంటాడు. రెండోది చేసిన పనిని గట్టిగా తప్పుపడుతూనే మనిషిని తమలో ఒకడిగా ఉంచుకోవడం. నేను రెండూ చవిచూశాను. మా విభాగంలో ఒకాయన నాకు "ఖజానా" అని పేరు పెట్టాడు. నేను గదిలోకి రాగానే పర్సు తడుముకునేవాడు, అందరూ నవ్వేవారు. ఆ రోజుల్లో ఇంటికి వెళ్తూ, వీళ్ళకోసమా ఇంత కష్టపడి కడుతున్నాను అనుకున్న మాట నిజం. కాని నాకు అంతకంటే ఎక్కువ చెరుపు చేసినవాళ్ళు మెతకగా మాట్లాడినవాళ్ళు. "ఎవరు చేయరు సార్, మీరు దొరికారంతే, మర్చిపోండి" అనేవారు. అది నన్ను కలుపుకోవడంలా కనిపిస్తుంది గాని, ఆ మాట ఒప్పుకుంటే నాలుగు దరఖాస్తుల ఆయన మళ్ళీ తప్పు నింపినవాడైపోతాడు. పేరు పెట్టినవాణ్ణి ఓర్చుకోవడం తేలిక. వీళ్ళకు "లేదండీ, అందరూ చేయరు" అని జవాబివ్వడం కష్టమయ్యేది, ఎందుకంటే నాతో మాట్లాడేవాళ్ళే తక్కువ.

ముప్పై ఒకటో వాయిదా కట్టిన రోజున ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. కొత్త కోశాధికారి నోట్లు లెక్కపెట్టి, "మిగిలింది సున్న" అని చదివి, రసీదు చింపి ఇచ్చి, తర్వాత ఎవరున్నారు అని తలుపు వైపు చూసింది. నాకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. రెండున్నరేళ్ళకు పైగా మోసిన బరువు దించితే కనీసం చప్పుడైనా రావాలి కదా! బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆ రసీదును చాలాసేపు చూశాను. అప్పు తీరింది గాని, తీర్చినందుకు ఎవరూ నాకేమీ బాకీ పడలేదని అక్కడ కూర్చున్నప్పుడే తెలిసింది. అంతకుముందు వరకు, కట్టే ప్రతి వాయిదాతో పాటు వాళ్ళ ఆదరణను కూడా కొంత కొంత కొనుక్కుంటున్నానని నా మనసులో ఎక్కడో ఒక పద్దు నడుస్తూ ఉండేది.

ఆ తర్వాత ఒక ఏడాదికి, కొత్తగా చేరిన కుర్రవాడొకడు వాళ్ళ విభాగంలో ఎవరికో వీడ్కోలు కానుక కోసం డబ్బు పోగుచేస్తూ, రెండు రోజులు సెలవు మీద వెళ్ళవలసి వచ్చి, ఆ కవరు నా దగ్గర ఉంచమన్నాడు. నన్ను నమ్మి డబ్బు చేతికిచ్చిన మొదటి మనిషి, అదీ తెలియక. పుచ్చుకుంటే అయిపోయేది, అందులోంచి నేను తీసేదేమీ లేదు. అయినా, "నేను ఒకప్పుడు సహాయ నిధిలో డబ్బు తీశాను, తర్వాత కట్టేశాను. అది తెలిశాక కూడా ఇవ్వాలనుకుంటే ఇవ్వు" అన్నాను. వాడు బిత్తరపోయి, సరేనంటూ కవరు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమంతా నాకు బాధగానే ఉంది. అయితే ఆ వాక్యం చెప్పేటప్పుడు, తీయబడింది, ఖర్చయింది అని దారి వెతుక్కోకుండా నోరు దానంతట అదే "తీశాను" అందని సాయంత్రం గమనించాను.

అదే సంవత్సరం సర్వసభ్య సమావేశంలో నిధి నిబంధనలు మార్చే చర్చ వచ్చింది. ఆ పెద్దాయన పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నారు. వెనక వరుసలో ఉన్న నావైపు చూసి, "ఎక్కడెక్కడ సందులున్నాయో మీకే బాగా తెలుసు, చెప్పండి" అన్నారు. కొందరు నవ్వారు, నేనూ నవ్వాను. లేచి చెప్పాను: తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి, బ్యాంకులో తీయడానికి రెండు సంతకాలు కావాలి, నెలాఖరు నిల్వ ఎంతో అందరికీ కనిపించేలా అంటించాలి, వెనక్కి పంపిన ప్రతి దరఖాస్తుకూ కారణం ఇంకొకరు కూడా చూసి ఒప్పుకోవాలి, ఒకే మనిషి మూడేళ్ళకు మించి కోశాధికారిగా ఉండకూడదు. చివర్లో, "తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా పాస్‌బుక్కు ఎవరూ అడగలేదు" అన్నాను. కార్యవర్గం ముందు అనకూడని చోట అన్న మాటే. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు, రాసుకున్నారు. నేను చెప్పిన ఐదింటిలో నాలుగు అమలయ్యాయి.

దరఖాస్తులను ఇద్దరు చూడాలన్న నియమం కింద పరిశీలన సంఘం ఒకటి ఏర్పడింది, అందులో ఆ నాలుగు దరఖాస్తుల ఆయన సభ్యుడు. మా మధ్య ఉద్యోగానికి సంబంధించిన మాటలు తప్ప వేరేవి ఎప్పుడూ లేవు, ఇప్పటికీ లేవు. మొన్నామధ్య నా భార్య కంటి చికిత్స కోసం, అర్హత తిరిగి వచ్చాక మొదటిసారి, నిధికి దరఖాస్తు చేసుకున్నాను. మర్నాడు ఆయనే స్వయంగా వచ్చి ఆ కాగితం నా బల్ల మీద పెట్టారు. అడుగున ఒకచోట పెన్సిలుతో సున్న చుట్టి ఉంది. నా గుండె ఝల్లుమంది. వంగి చూశాను. సంతకం కింద తేదీ వేయలేదు, నిజంగానే వేయలేదు. ఆయన నిలబడే ఉన్నారు. నేను తేదీ వేసి ఇచ్చాను, ఆయన దాన్ని ఒకసారి చూసుకుని తీసుకెళ్ళారు. మూడో రోజున డబ్బు మంజూరైంది.